శరణార్థుల తాలింఖానా

అంతర్జాతీయ క్రీడోత్సవాలను గూర్చి పత్రికలలో చదివేటప్పుడు మన దృష్టి పతకాల పట్టికలో పై వరుసల మీదనే నిలుస్తుంది. అడుగున ఒకే ఒక కాంస్యంతో కనబడే దేశాలను మనం అంతగా పట్టించుకోము. కాని ఆ ఒక్క పతకం వెనుక ఒక్కొక్కప్పుడు ఒక జాతి పడిన పాట్లన్నీ ఉంటవి. 2008లో బీజింగ్ ఒలింపిక్ క్రీడలలో ఆఫ్ఘనిస్తాన్ పొందిన కాంస్యపతకం అటువంటిది. దానిని తెచ్చిపెట్టిన క్రీడ తైక్వాండో; తెచ్చిన యువకుడు ఆ క్రీడలో ఆరితేరినది పరాయి గడ్డమీద, శరణార్థులు కూర్చుకొన్న ఒక చిన్న జట్టులో. ఆ వృత్తాంతాన్ని శ్రోతలకు మనవి చేయదలచినాము.

తైక్వాండో కొరియా దేశపు విద్య. మన ఊళ్లలోని తాలింఖానాల వలె అక్కడ ‘క్వాన్’ అనే సాముశాలలు ఉండేవి. వాటిలో తొలితరానికి చెందిన చుంగ్‌దో క్వాన్ 1944లో, కొరియా ఇంకా జపాను ఏలుబడిలో ఉండగానే, సియోల్ నగరంలో వెలసినది. దేశం స్వతంత్రమైన పిదప ఇటువంటివి మరికొన్ని పుట్టినవి. ఒక్కొక్క శాలకు ఒక్కొక్క గురువు, ఒక్కొక్క సంప్రదాయం. 1955లో ఈ విద్యలన్నిటికీ ఉమ్మడిగా ‘తైక్వాండో’ అనే నామం ప్రతిపాదింపబడినది. పాదంతోను, పిడికిలితోను పోరాడే మార్గమని ఆ మాటకు అర్థం. 1973లో సియోల్‌లోనే మొదటి ప్రపంచ పోటీలు జరిగినవి. 1988లోను, 1992లోను ఒలింపిక్ క్రీడలలో ప్రదర్శనకు మాత్రమే నోచుకొన్న ఈ విద్యకు, 2000లో సిడ్నీ నగరంలో పతకాల గౌరవం దక్కినది.

బీదదేశాలను ఈ క్రీడ ఆకర్షించడంలో వింత లేదు. దీనికి గుర్రాలు అక్కరలేదు, పడవలు అక్కరలేదు, ఈతకొలనులు అక్కరలేదు. చదునైన నేల, నేర్పగల గురువు, నేర్చుకొనే పట్టుదల ఉంటే అభ్యాసం మొదలు పెట్టవచ్చు. బరువునుబట్టి తరగతులు విభజింపబడినందున బక్కపలుచని వానికి కూడ తన సాటివానితోనే పోటీ.

ఆఫ్ఘనిస్తాన్ ఒలింపిక్ క్రీడలలో తొలిసారి పాల్గొన్నది 1936లో, బెర్లిన్ నగరంలో. తరువాత ఎన్ని పర్యాయాలు వెళ్లినా పతకం రాలేదు. 1979లో సోవియట్ సేనలు ప్రవేశించినది మొదలు దేశం యుద్ధరంగమైనది. లక్షలాది జనం ఇరాన్‌కు, పాకిస్తాన్‌కు తరలిపోయినారు. తాలిబాన్ ప్రభుత్వ కాలంలో, 1999లో, అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం ఆ దేశాన్ని బహిష్కరించినది. తైక్వాండోకు పతకాలిచ్చిన మొట్టమొదటి ఒలింపిక్ క్రీడలలో, అనగా సిడ్నీలో, ఆఫ్ఘన్ జెండాకే చోటు లేకపోయినది.

అంతర్యుద్ధానికి తాళలేక ఇల్లు విడిచిపోయిన కుటుంబాలలో 1987లో జన్మించిన రోహుల్లా నిక్‌పాయ్ కుటుంబం ఒకటి. వారు ఇరాన్‌లోని శరణార్థి శిబిరం చేరినారు. అక్కడి ఆఫ్ఘన్ శరణార్థుల తైక్వాండో జట్టులో ఆ బాలుడు చేరినాడు. 2004లో కాబూలుకు తిరిగి వచ్చి, ప్రభుత్వం ఏర్పరచిన శిక్షణశాలలో అభ్యాసం సాగించినాడు. ఆ జట్టుకు కొరియా దేశీయుడైన మిన్ షిన్-హాక్ శిక్షకుడైనాడు. సియోల్ సాముశాలల విద్య ఆ విధంగా కాబూలు చేరి వేళ్లూనుకొన్నది.

బీజింగ్‌కు ఆఫ్ఘనిస్తాన్ పంపినది నలుగురు క్రీడాకారులను మాత్రమే. వారిలో ఇద్దరు తైక్వాండోవారు. ఒకడు 2007 ప్రపంచ పోటీలలో రజతం గెలిచిన నిసార్ అహ్మద్ బహావే, రెండవవాడు నిక్‌పాయ్. ఆశలన్నీ బహావే మీద ఉండడం సహజం. కాని ఆగస్టు 20వ తేదీన, 58 కిలోల తరగతిలో, కాంస్యం కొరకు జరిగిన పోటీలో స్పెయిన్‌కు చెందిన ప్రపంచ విజేత హువాన్ ఆంటోనియో రామోస్‌ను ఓడించినవాడు నిక్‌పాయ్. 72 సంవత్సరాల నిరీక్షణ ఫలించినది. అధ్యక్షుడు కర్జాయి టెలిఫోనులో అభినందించి, ఇల్లు బహూకరించినారు. 2012లో లండన్‌లో నిక్‌పాయ్ మరియొక కాంస్యం గెలిచినాడు. 2024 పారిస్ క్రీడలు ముగిసేనాటికి కూడ ఆ దేశపు ఒలింపిక్ పతకాలు ఆ రెండే.

ఈ విజయాన్ని చూచి ఉత్సాహం పొందినవారిలో హెరాత్ నగరపు బాలిక జకియా ఖుదాదాదీ ఒకతె. పుట్టుకతోనే ఆమెకు ఒక ముంజేయి లేదు. పదకొండవ ఏట, చాటుగా నడిచే ఒక శిక్షణశాలలో, ఆమె తైక్వాండో మొదలుపెట్టినది. 2021 ఆగస్టులో తాలిబాన్లు తిరిగి కాబూలును ఆక్రమించినప్పుడు టోక్యో పారాలింపిక్స్‌కు పోవలసిన ఆమె నగరంలో చిక్కుకొన్నది. తనను తరలించవలసినదని లోకాన్ని బహిరంగంగా వేడుకొని, విమానంలో బయటపడి, టోక్యోలో పోటీ చేసినది. 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 47 కిలోల తరగతిలో కాంస్యం గెలిచినది. శరణార్థుల పారాలింపిక్ జట్టుకు లభించిన మొట్టమొదటి పతకం అదే.

ఈ రెండు పతకాలను పక్కపక్కన ఉంచి చూడవలసినదని మా మనవి. శరణార్థిగా పెరిగిన నిక్‌పాయ్‌కు తిరిగి రావడానికి ఒక ఊరు, అభ్యాసానికి తెరచిన ఒక శాల లభించినవి; అతని పతకం దేశం ఖాతాలో చేరినది. స్వదేశంలోనే నేర్చుకొన్న ఖుదాదాదీకి ఆ తలుపు మూసుకొన్నది. ఆమె పతకం దేశం లేనివారి ఖాతాలో పడినది. 2021 నుండి అక్కడి స్త్రీలకు క్రీడలు నిషిద్ధమైనవి. హెరాత్‌లో పదకొండేళ్ల పిల్ల ఈనాడు ఈ విద్య నేర్వదలచినచో మరల చాటు గదినే వెదుకుకొనవలసి ఉన్నది.