కొండసైకిలుకు వెనుక స్ప్రింగు

పాతకాలపు సైకిలు సీటును ఎత్తి చూచినవారికి దాని అడుగున రెండు లావుపాటి స్ప్రింగులు కనిపిస్తాయి. గతుకుల బాటలో క్యారియరు మీద బస్తా కట్టుకొని పోయే మనిషికి ఆ రెండు స్ప్రింగులే ఆధారం. అయితే అవి చేసే మేలు కూర్చున్నవానికే గాని సైకిలుకు కాదు. వెనుక చక్రానికి రాయి తగిలినప్పుడు చక్రమూ చట్రమూ కలిసి ఎగిరిపడతాయి. మనిషి నడుముకు తగిలే దెబ్బ కొంత తగ్గుతుంది, అంతే. నేలను విడిచిన చక్రానికి బ్రేకు వేసి ప్రయోజనం లేదు. మలుపులో దానికి పట్టు ఉండదు. పెడలు ఎంత తొక్కినా బండి ముందుకు సాగదు.

మనిషికి సుఖం కలిగించడం ఒకటి, చక్రాన్ని నేలకు అంటిపెట్టి ఉంచడం వేరొకటి. ఈ రెంటికీ గల భేదం సైకిలు నిర్మాణంలో స్థిరపడడానికి నూరేళ్లు పట్టినది. కొండదారులలో పరుగెత్తే నేటి మౌంటెన్ బైకుకు వెనుక అమర్చే షాక్ అబ్జార్బరు ఆ నూరేళ్ల అనుభవానికి ఫలితం. దాని పూర్వకథ తెలిసినవారికి దానిని ఎన్నుకోవడమూ, తమకు అనువుగా సవరించుకోవడమూ సులభమవుతాయి.

1860 తరువాతి దశకంలో పారిస్ నగరంలోని పియేర్ మిషో కార్ఖానా నుంచి పెడళ్లు గల సైకిళ్లు బయలుదేరినవి. కొయ్యచక్రాలకు ఇనుపపట్టాలు బిగించిన ఆ బండ్లకు ఇంగ్లండు ప్రజలు ‘ఎముకలు కుదిపే బండి’ అని పేరు పెట్టినారు. 1885లో జాన్ కెంప్ స్టార్లీ నిర్మించిన రోవర్ సైకిలు, చైనుతో వెనుక చక్రాన్ని నడిపించే నేటి పద్ధతిని స్థిరపరచినది. అదే సంవత్సరంలో లిన్లీ అండ్ బిగ్స్ అనేవారు ‘విప్పెట్’ అనే సైకిలును తెచ్చినారు. సీటు, చేతిపిడి, పెడళ్లు ఈ మూడింటినీ ఒకే భాగంగా కూర్చి, స్ప్రింగు సాయంతో ఆ భాగానికి చట్రపు కుదుపు సోకకుండా చేయడం దానిలోని విశేషం. స్ప్రింగు చట్రాలకు మంచి రోజులు వచ్చినవనిపించినది.

ఆ మంచి రోజులు ఎంతోకాలం నిలువలేదు. బెల్‌ఫాస్టులో పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రాల బండికి గాలి నింపిన రబ్బరు టైరు తొడిగి, 1888లో పేటెంటు పొందినాడు. మరుసటి సంవత్సరమే విల్లీ హ్యూమ్ అనే పందెగాడు ఆ టైర్లతో బెల్‌ఫాస్టులో పోటీలు నెగ్గినాడు. టైరులోని గాలి చిన్నచిన్న కుదుపులను తానే మింగివేస్తుంది. బరువు లేదు, కీళ్లు లేవు, కీచుమనే మరలు లేవు. స్ప్రింగు చట్రాలు క్రమంగా మూలపడినవి. 1962లో బ్రిటిష్ ఇంజనీరు అలెక్స్ మోల్టన్ చిన్నచక్రాల సైకిలుకు ముందూ వెనుకా రబ్బరుతో కూడిన స్ప్రింగు ఏర్పాటు చేసి ఆ ఆలోచనకు మరల ప్రాణం పోసినాడు. మినీ మోటారుకారుకు రబ్బరు స్ప్రింగులు రూపొందించినవాడు ఈయనే. అయినా ఆ సైకిలు నగర రహదారులకు ఉద్దేశించినది. కొండలు దాని దారి కావు.

కొండదారి కథ కాలిఫోర్నియాలో మొదలైనది. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన టామల్పాయిస్ పర్వతం ఉన్నది. ఆ ప్రాంతపు యువకులు 1930, 1940 ప్రాంతాలనాటి లావుటైర్ల పాత సైకిళ్లను సేకరించి మట్టిబాటల వెంట కిందికి దూకించేవారు. 1976 అక్టోబరు 21న అక్కడ ‘రీప్యాక్’ అనే పందెం మొదటిసారి జరిగినది. రెండు మైళ్ల పైచిలుకు దారిలో సుమారు 1,300 అడుగుల దిగుడు. పెడలును వెనుకకు తొక్కితే పడే బ్రేకు ఆ సైకిళ్లకు ఉండేది. కొండ దిగేసరికి దానిలోని గ్రీజు కాగి పొగలై పోయేది. మరల గ్రీజు కూరితే గాని బండి పనికిరాదు. అలా ‘మరల కూరడం’ అనే అర్థంలో పందేనికి ఆ పేరు వచ్చినది. 1977లో జో బ్రీజ్ ఈ పనికై ప్రత్యేకంగా చట్రాలు నిర్మించినాడు. 1979లో గేరీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి టామ్ రిచీ చేసిన చట్రాలతో వ్యాపారం ప్రారంభించినారు. 1981లో స్పెషలైజ్డ్ వారి స్టంప్‌జంపర్ పెద్ద ఎత్తున బజారుకు వచ్చినది. ఇంత జరిగినా ఆ సైకిళ్లలో స్ప్రింగు అన్నది లేదు. లావుటైరూ, తొక్కేవాని మోచేతులూ మోకాళ్లూ తప్ప కుదుపునకు వేరే మందు లేదు.

ఆ మందు మోటారుసైకిలు వద్ద సిద్ధంగా ఉన్నది. వెనుక చక్రపు చేతిని కీలు మీద ఊగనిచ్చి, దానికి స్ప్రింగు తగిలించే పద్ధతికి ఇంగ్లండులో ఫిలిప్ విన్సెంట్ 1928లోనే పేటెంటు తీసుకొన్నాడు. 1973లో బెల్జియం దేశస్థుడు లూసియెన్ టిల్కెన్స్ ఆలోచన ప్రకారం యమహావారు రెండు షాకులకు బదులు సీటు కింద ఒకే పొడుగాటి షాకును అమర్చినారు. ఆ బండి మీద స్వీడనుకు చెందిన హోకన్ ఆండర్సన్ ఆ ఏడు 250 సి.సి. మోటోక్రాస్ ప్రపంచ విజేత అయినాడు. చక్రం ఎంత ఎక్కువ దూరం పైకీ కిందికీ కదలగలిగితే గతుకులలో అంత వేగంగా పోవచ్చునని అందరికీ రుజువైనది.

మోటారుసైకిళ్లతో పరిచయం గల పాల్ టర్నర్ 1989లో రాక్‌షాక్స్ సంస్థను స్థాపించి, సైకిలు ముందు చక్రానికి గాలీ నూనే కలిసి పనిచేసే ఫోర్కును తయారుచేసినాడు. 1990లో కొలరాడోలోని డురాంగోలో మౌంటెన్ బైకుల మొదటి అధికార ప్రపంచ పోటీలు జరిగినప్పుడు గ్రెగ్ హెర్బోల్డ్ ఆ ఫోర్కుతోనే కొండదిగుడు పందెం నెగ్గినాడు. ముందు చక్రం సంగతి అంతటితో తేలిపోయినది.

వెనుక చక్రం సంగతి అంత సులభంగా తేలలేదు. మోటారుసైకిలుకు యంత్రబలం ఉన్నది. సైకిలుకు మనిషి కాలిబలమే గతి. పెడలును అణచినప్పుడల్లా వెనుక భాగం కుంగి, వదలినప్పుడు లేస్తుంటే, ముందుకు పోవలసిన శక్తి కిందికీ పైకీ పోయి వృథా అవుతుంది. ఎక్కుడు పందేలవారు వెనుక స్ప్రింగును నమ్మకపోవడానికి కారణం ఇదే. వారి సంశయం అకారణమైనది కాదు. 1990 తరువాతి దశకంలో ఆస్ట్రియా సంతతికి చెందిన హోర్స్ట్ లైట్నర్ వంటి రూపకర్తలు కీళ్లను స్థానం మార్చి, చైను లాగుడే ఆ కుంగుదలను కొంత అడ్డుకొనేటట్లు చేసినారు. బ్రేకు వేసినప్పుడు వెనుక భాగం బిగుసుకుపోకుండానూ చూచినారు. 2012 లండన్ ఒలింపిక్సులో చెక్ దేశస్థుడు యారోస్లావ్ కుల్హవీ ముందూ వెనుకా స్ప్రింగులు గల సైకిలు మీద స్వర్ణపతకం గెలుచుకొన్నాడు. ఆ వాదం అంతటితో చాలావరకు సద్దుమణిగినది.

ఇక ఆ షాకు లోపల జరిగేదేమి? ఇక్కడ మనం 17వ శతాబ్దపు ఆక్స్‌ఫర్డుకు పోవలసి ఉన్నది. అక్కడ రాబర్ట్ బాయిల్ అనే పండితునికి గాలిపంపు నిర్మించి ఇచ్చిన సహాయకుడు రాబర్ట్ హుక్. స్థిరమైన ఉష్ణోగ్రతలో గాలి ఘనపరిమాణం సగమైతే ఒత్తిడి రెట్టింపవుతుందని బాయిల్ 1662లో ప్రకటించినాడు. స్ప్రింగు ఎంత నొక్కుకుపోతే అంత ఎదురుబలం చూపుతుందన్న సూత్రాన్ని హుక్ 1678లో వివరించినాడు. నేడు అంగళ్లలో దొరికే షాకులు రెండు రకాలు. ఉక్కుచుట్ట గలది హుక్ మాట వింటుంది. గాలి నింపినది బాయిల్ మాట వింటుంది.

ఉక్కుచుట్ట నడక మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరు. పది మిల్లీమీటర్లకు ఎంత బలమో, ఇరవైకి సరిగా దానికి రెట్టింపు. రాపిడి తక్కువ గనుక చిన్న గులకరాయికి సైతం అది స్పందిస్తుంది. దీర్ఘమైన దిగుడులో దాని తీరు మారదు. బరువు ఎక్కువ కావడమూ, మనిషి బరువు మారితే చుట్టనే మార్చవలసి రావడమూ దాని లోపాలు. గాలిషాకు తేలిక, పంపుతో నాలుగు పోట్లు పొడిస్తే గట్టిపడుతుంది. చివరికి వచ్చేకొద్దీ గాలి ఇరుకై ఎదురుబలం త్వరత్వరగా పెరుగుతుంది గనుక పెద్ద దూకుడులో అడుగంటకుండా కాస్తుంది. కాని గాలి తప్పించుకోకుండా బిగించిన రబ్బరు వలయాల రాపిడి వలన తొలికదలికలో కొంత మొరాయిస్తుంది. ఎడతెగని దిగుడులో వేడెక్కుతుంది. చివరలో తానై గట్టిపడే కీళ్ల అమరిక గల చట్రానికి ఉక్కుచుట్ట నప్పుతుంది. ఆది నుంచి అంతం దాకా ఒకే తీరున కదిలే చట్రానికి గాలిషాకు మేలు.

స్ప్రింగు ఏ రకమైనా దానికి ఒక దుర్గుణం ఉన్నది. పుచ్చుకొన్న శక్తినంతా తిరిగి ఇచ్చివేస్తుంది. ఒంటరిగా వదిలితే మనిషిని బంతివలె ఎగురవేస్తుంది. అందుకని షాకు నడుమ నూనె నిండిన గొట్టమూ, సన్నని రంధ్రాలు గల పిస్టనూ ఉంటాయి. ఆ రంధ్రాల గుండా నూనె ఇరుకుకొని పోవడంలో కుదుపు శక్తి వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. నూనెలో గాలి కలిసి నురగ కడితే ఈ పని చెడుతుంది. నూనెను నత్రజని ఒత్తిడిలో ఉంచి ఆ నురగను అరికట్టే పద్ధతిని ఫ్రాన్సులో క్రిస్టియన్ బూర్సియే ద కార్బాఁ 1953 ప్రాంతంలో మోటారుకార్లకు ప్రవేశపెట్టినాడు. నేటి సైకిలు షాకులలో అనేకం దాని సంతానమే.

షాకు ఎన్నికలో మొదట చూడవలసినవి రెండు అంకెలు: రెండు చివరల రంధ్రాల నడుమ పొడవు, లోపలికి పోగల దూరం. 230×60 అంటే పొడవు 230 మిల్లీమీటర్లు, కదలిక 60 మిల్లీమీటర్లు అని భావం. చట్రం కోరిన కొలతనే కొనాలి. వెనుక చక్రం 150 మిల్లీమీటర్లు కదిలే సైకిలులో షాకు 60 మాత్రమే కదిలితే నిష్పత్తి రెండున్నర. అడకత్తెర పిడిని చేయి నొక్కినదానికి ఎన్నో రెట్ల బలం పోకచెక్క మీద పడినట్లు, చక్రం మీది బరువు రెండున్నర రెట్లై షాకు మీద పడుతుంది.

లెక్క చూద్దాము. 75 కిలోల మనిషి బరువులో సుమారు మూడింట రెండు వంతులు, అనగా 50 కిలోలు, వెనుక చక్రం మీద పడినవనుకొందాము. షాకు మీద పడేది 125 కిలోలు. మనిషి కూర్చోగానే కదలికలో నూటికి 30 వంతులు, అనగా 18 మిల్లీమీటర్లు కుంగాలి. 125ను 18తో భాగిస్తే మిల్లీమీటరుకు దాదాపు 7 కిలోలు. అంగడిలో చెప్పే లెక్కలో అంగుళానికి సుమారు 390 పౌన్లు. అంటే 400 అని గుర్తు గల చుట్టతో మొదలుపెట్టవచ్చును. చుట్టను పట్టి ఉంచే మరను బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది భ్రమ. తొలిబలం పెరుగుతుందే గాని స్ప్రింగు గట్టితనం మారదు. ఒకటి రెండు చుట్లకు మించి బిగించవలసి వస్తే ఆ చుట్ట మనది కాదని గ్రహించాలి.

గాలిషాకు అయితే పని మరింత సులభం. బూట్లు, శిరస్త్రాణం, నీళ్లసీసాతో సహా ఎక్కి గోడ ఆసరాతో నిలకడగా కూర్చోవాలి. షాకు కడ్డీ మీది రబ్బరు వలయాన్ని మూతికి ఆనించి మెల్లగా దిగాలి. వలయం జరిగిన దూరమే కుంగు. ఎక్కుడు పందేలవారికి మొత్తం కదలికలో నాలుగో వంతు, దిగుడువారికి మూడో వంతు వరకు ఉండవచ్చును. కుంగు తక్కువైతే గుంటలోకి జారే చక్రం నేలను అందుకోలేదు. ఎక్కువైతే పెద్దరాయి తగిలినప్పుడు షాకు అడుగంటుతుంది.

కుంగు కుదిరిన తరువాతనే తిరిగి లేచే వేగం సవరించాలి. సీటు మీద కూర్చొని చిన్నగట్టు మీదినుంచి దిగితే వెనుక భాగం ఒకసారి లేచి కుదుటపడాలి. ఇంకా ఊగితే నూనె అదుపు చాలదు. మందకొడిగా లేస్తే అదుపు మితిమీరినది. వరుసరాళ్లలో ఒక దెబ్బ నుంచి తేరుకోకముందే రెండవ దెబ్బ తగిలి షాకు అంతకంతకు కుంగిపోతుంది. గాలి ఒత్తిడి పెంచినప్పుడు ఈ అదుపును కూడ కొంత పెంచవలసి ఉంటుంది. కుంగే వేగాన్ని అదుపుచేసే మీట చివరిది. దాని మీద ‘తక్కువ వేగం’, ‘ఎక్కువ వేగం’ అని ఉంటే అది పిస్టను వేగమే గాని సైకిలు వేగం కాదు.

రేడియోలో దూరపు స్టేషను పట్టేవారు రెండు మీటలను ఒకేసారి తిప్పరు. ఇక్కడా అంతే. ఒకే దారిలో, ఒక్క మీటను, ఒకటి రెండు పట్టులు మాత్రం తిప్పి, మరల ఆ దారినే పోయి చూడాలి. చూచినది చిన్న పుస్తకంలో వ్రాసుకోవాలి. తయారీదారు ఎంత నేర్పరి అయినా మన బరువూ మన దారీ ఎరుగడు. షాకుతోపాటు వచ్చే పట్టికలోని అంకెలు ఆరంభానికి మాత్రమే. తరువాతి అంకెలు మన పుస్తకంలో మనమే వ్రాసుకోవలసినవి.