టెక్సాస్ జ్వరం

పిడుదులు మోసుకొచ్చే పశువుల రక్తవ్యాధి. మన పల్లెల్లో ఎర్రమూత్రం జబ్బు అనేది ఈ బెబీసియోసిస్‌నే. బెబీసియా అనే ఏకకణ పరాన్నజీవి ఎర్ర రక్తకణాలను చిట్లగొడుతుంది. ఒళ్లు కాలే జ్వరం, రక్తహీనత, ఎర్రటి మూత్రం, తరచు మరణం. దూడప్రాయంలో సోకితే మాత్రం స్వల్పంగా వచ్చిపోయి, నిరోధకశక్తిని మిగులుస్తుంది. చిక్కంతా అక్కడే. 19వ శతాబ్దంలో టెక్సాస్ నుంచి ఉత్తరానికి తోలిన మందలు నిక్షేపంగా ఉండేవి. అవి నడిచిన దారిలో మేసిన ఉత్తరాది పశువులు కూలిపోయేవి.

పిడుదే వాహకమని థియోబాల్డ్ స్మిత్, ఫ్రెడ్ కిల్‌బోర్న్ 1893లో నిరూపించారు. సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టడానికి ఇది నాలుగేళ్లు ముందు.

1906లో అమెరికా ప్రభుత్వం పిడుదుల నిర్మూలన మొదలుపెట్టింది. సుమారు రెండు వారాలకోసారి ప్రతి పశువునూ ఆర్సెనిక్ నీటి తొట్టిలో ముంచాలి. పెద్ద కామందులకు అది లాభసాటే. ఒకటి రెండు ఆవులున్న దక్షిణాది చిన్న రైతుకు పనిచెడుపు, ఖర్చు. కొన్నిచోట్ల తొట్లను డైనమైట్‌తో పేల్చేశారు. వాళ్లది వట్టి మూర్ఖత్వమని కొట్టిపారేయలేం.

1943 నాటికి అమెరికాలో ఈ పిడుదు దాదాపు అంతరించింది. పిడుదులను బాగా తట్టుకునే అమెరికన్ బ్రాహ్మన్ జాతిలో మన ఒంగోలు రక్తమూ ఉంది. అక్కడ ఒంగోలు పేరు నెల్లూరు. మెక్సికో సరిహద్దున రియో గ్రాండె వెంట క్వారంటైన్ పట్టీ ఇంకా ఉంది. దారితప్పి నది దాటే పశువుల కోసం అక్కడ గుర్రాలపై గస్తీ తిరుగుతారు.