వందల క్లిక్కులు, రెండే ఆర్డర్లు: సోషల్ మీడియా యాడ్స్ లెక్క ఎలా చదవాలి?

గోదావరిఖని, ఎన్టీపీసీ, రామగుండంలో ఇంటి నుంచే మెహందీ వేసేవాళ్లు, బుర్ఖాలు కుట్టేవాళ్లు, బిర్యానీ ఆర్డర్లు తీసుకునేవాళ్లు, రీల్స్ చేసే కుర్రాళ్లు చాలామందే ఉన్నారు. రంజాన్, పెళ్లిళ్ల సీజన్ దగ్గర పడగానే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో 'బూస్ట్ పోస్ట్' నొక్కి వెయ్యో, రెండు వేలో పెడుతుంటారు. రెండు రోజుల్లో స్క్రీన్ మీద వందల క్లిక్కులు కనిపిస్తాయి. ఫోన్ మాత్రం మోగదు. ఎందుకంటే 'క్లిక్' అనే మాటకు మనం అనుకునే అర్థం ఒకటి, కంపెనీ లెక్కలో అర్థం ఇంకొకటి.

ఏ అంకెకు ఏ అర్థం?

రీచ్: యాడ్ ఎంతమందికి కనిపించిందో చెప్పే అంకె. ఒకే మనిషికి ఐదుసార్లు కనిపిస్తే రీచ్ ఒకటే, ఇంప్రెషన్స్ మాత్రం ఐదు.

క్లిక్స్ ఆల్: లైక్, కామెంట్, షేర్, పేజీ పేరు మీద నొక్కడం, 'సీ మోర్' నొక్కడం అన్నీ ఇందులోకే వస్తాయి. అందుకే ఈ అంకె ఎప్పుడూ పెద్దగా ఉంటుంది.

లింక్ క్లిక్స్: మీరు ఇచ్చిన లింక్‌నో, వాట్సాప్ బటన్‌నో నొక్కినవి. నొక్కి వెంటనే వెనక్కి పోయినా లెక్కలోకి వస్తుంది.

ల్యాండింగ్ పేజ్ వ్యూస్: లింక్ నొక్కాక వెబ్‌సైట్ నిజంగా తెరుచుకున్నవి.

మెసేజింగ్ కన్వర్సేషన్స్: యాడ్ చూసి మీతో చాట్ మొదలుపెట్టినవి. వాట్సాప్ మీద వ్యాపారం చేసేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే.

త్రూప్లే: వీడియోను చివరిదాకా, లేదా కనీసం 15 సెకన్లు చూసినవి.

వెయ్యి రూపాయల లెక్క

ఒక మెహందీ ఆర్టిస్ట్ వెయ్యి రూపాయలు పెట్టిందనుకుందాం. క్లిక్స్ ఆల్ 400, లింక్ క్లిక్స్ 80, చాట్‌లు 16, ఆర్డర్లు 2. మొదటి అంకె చూస్తే క్లిక్‌కు రూ.2.50, చాలా చవక. లింక్ క్లిక్‌కు రూ.12.50, చాట్‌కు రూ.62.50 పడింది. 18 శాతం జీఎస్టీ కలిపితే మొత్తం ఖర్చు రూ.1,180, అంటే ఒక్కో ఆర్డర్‌కు రూ.590. ఒక్కో ఆర్డర్ మీద ఆమెకు రూ.400 మిగిలేదైతే, ఈ యాడ్ నష్టమే. బయటి ఏజెంట్‌కు యాడ్ పని అప్పగిస్తే అతను చూపించేది ఎక్కువగా రూ.2.50 అంకె ఉన్న స్క్రీన్‌షాటే. మీరు అడగాల్సింది రూ.590 గురించి.

పెద్ద కంపెనీలకూ తప్పలేదు

2012లో బీబీసీ 'వర్చువల్ బేగల్' అనే ఉత్తుత్తి పేజీ పెట్టి ఫేస్‌బుక్‌లో యాడ్ ఇచ్చింది. అమ్మడానికి ఏ సరుకూ లేని ఆ పేజీకి వేలల్లో లైకులు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ఈజిప్టు, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ నుంచే. వీడియోలను సగటున ఎంతసేపు చూస్తున్నారనే లెక్కను రెండేళ్లుగా ఎక్కువ చేసి చూపామని 2016లో ఫేస్‌బుక్ ఒప్పుకుంది. 3 సెకన్ల లోపే వదిలేసినవాళ్లను ఆ సగటులో కలపలేదు. దీనిపై యాడ్స్ ఇచ్చినవాళ్లు వేసిన కేసులో 2019లో 4 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది.

గేమ్ యాప్‌లలో వేలు పొరపాటున తగిలి పడే క్లిక్కులూ ఉంటాయి. రెండు సెకన్లలోపే వెనక్కి వచ్చేసే అలాంటి క్లిక్కులకు ఇకపై డబ్బు తీసుకోబోమని 2017లో ఫేస్‌బుక్ ప్రకటించింది.

యూట్యూబ్ చేసేవాళ్లకు

ఛానెల్‌కు పొడవు వీడియోల దారిలో యాడ్ ఆదాయానికి అర్హత రావాలంటే 1,000 సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో 4,000 గంటల వాచ్‌టైమ్ కావాలి. ప్రమోషన్‌కు పైసలు పెట్టి తెచ్చుకున్న గంటలు ఇందులో లెక్కకు రావు. 2025 మార్చి 31 నుంచి షార్ట్ వీడియో ప్లే కావడం మొదలైతే చాలు, ఒక వ్యూగా చూపిస్తున్నారు. ఆదాయం లెక్కకు మాత్రం 'ఎంగేజ్డ్ వ్యూస్' అనే వేరే అంకెనే తీసుకుంటారు. కాబట్టి వ్యూస్ పెరిగాయని సంబరపడే ముందు ఆ రెండో అంకె చూడండి.

పైసలు పెట్టే ముందు

1. ఆర్డర్లు కావాలంటే గోల్‌గా 'మెసేజెస్' ఎంచుకోండి. 'ఎంగేజ్‌మెంట్' పెడితే లైకులు కొట్టే అలవాటున్నవాళ్లకే యాడ్ ఎక్కువ చూపిస్తుంది.

2. లొకేషన్ 'ఇండియా' అని వదిలేయకండి. బిర్యానీ గోదావరిఖని నుంచి పెద్దపల్లికో, గోదావరి దాటి మంచిర్యాలకో పోతుంది గానీ పట్నాకు పోదు కదా!

3. మొదట రెండు మూడు వందలతో పరీక్షించండి. చాట్‌లు రాకపోతే ఆపి, ఫొటో, ధర, మాటలు మార్చి చూడండి.

4. ఫోన్ చేసిన ప్రతివారినీ 'మా గురించి ఎక్కడ చూశారు?' అని అడిగి నోట్‌బుక్‌లో రాసుకోండి. స్క్రీన్ మీది అంకెల కంటే మీ వ్యాపారానికి పనికొచ్చేది ఆ నోట్‌బుక్కే.

5. ఏజెంట్‌కు పని ఇచ్చినా యాడ్ అకౌంట్ మీ పేరు మీదే ఉంచండి. పాస్‌వర్డ్, ఓటీపీ ఇవ్వకండి. పేజీ సెటింగ్స్‌లో అతనికి యాక్సెస్ ఇస్తే చాలు.

6. 'వెయ్యికి పదివేల ఫాలోవర్లు' అనేవాళ్లను నమ్మకండి. ఎవరైనా డబ్బు తీసుకొని మోసం చేస్తే ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.