షాడీ: బట్ట పేరు నిందయైన కథ



ఆంగ్లమున నాసిరకపు వస్తువును ‘షాడీ’ యందురు. మొదట నిది నింద కాదు. ఒక యున్ని పేరు. బడిలో నేను అర్థాపకర్షమునకు ఈ మాటనే ఉదాహరణముగా చెప్పుచుంటిని.

1813 ప్రాంతమున ఇంగ్లండులోని యార్క్‌షైరు సీమయందు, బ్యాట్లీ అను నూర, బెంజమిన్ లా అను నతడు పాత ఉన్నిబట్టల పేలికలను చీల్చి, పోగులుగా విడదీసి, కొత్త ఉన్నితో కలిపి వడికించి నేయించెను. అట్లు చీల్చిన యున్నికి షాడీ యని పేరు కలిగెను. రాలుట యను నర్థముగల ‘షెడ్’ అను క్రియనుండి ఆ పేరు పుట్టెనని కొందరి యూహ. చీల్చిన పోగులు పొట్టివి గనుక, కొత్త ఉన్ని తగుపాళ్లలో చేరిననే బట్టకు బలము. అట్లు నేసిన కంబళ్లు, కోట్లు బీదలకు చలి కాచినవి.

1861లో అమెరికాలో అంతర్యుద్ధము పుట్టెను. కొందరు గుత్తదారులు లాభాపేక్షచే సైనికులకు నాసి షాడీతో ఉడుపులు కుట్టించి యిచ్చిరి. అవి కొలది దినములకే చినిగిపోయెను. పిమ్మట ఆ నామవాచకమే విశేషణమై, మోసపు సరకున కంతటికిని అంటుకొనెను.

తప్పు గుత్తదారులది; అపకీర్తి పేలికలది. మన దేశమున పానిపట్టునందు నేటికిని పాత ఉన్నిబట్టలనుండి కంబళ్లు నేయుచున్నారు. కావున ఒక మాటను నిందగా వాడుటకు ముందు దాని పుట్టుక నడుగుట మేలు.