అప్పులో మునిగి రాష్ట్రమైన దేశం

కెనడా తూర్పు అంచున, ఉత్తర అట్లాంటిక్‌లో ఉన్న న్యూఫౌండ్‌లాండ్ 1949 మార్చి 31న, అర్ధరాత్రికి కాస్త ముందు కెనడాలో పదో రాష్ట్రంగా చేరింది. ఒకప్పుడు దానికి కెనడాతో, ఆస్ట్రేలియాతో సమానంగా బ్రిటిష్ సామ్రాజ్యంలో డొమినియన్ హోదా ఉండేది. సొంత ప్రధానమంత్రి, సొంత పార్లమెంటు, సొంత తపాలా బిళ్లలు ఉండేవి. చితికిపోయిన చిన్న దేశం పెద్ద సమాఖ్యలో చేరితే నిలదొక్కుకుంటుందా, ఉన్నది కూడా పోగొట్టుకుంటుందా అన్న ప్రశ్నను అక్కడివారు డెబ్బై అయిదేళ్లుగా అడుగుతూనే ఉన్నారు. కథ మొదలయ్యేది మాత్రం రాజకీయంతో కాదు, కాడ్ చేపతో.

1497లో జాన్ కాబట్ ఆ ప్రాంతానికి చేరినప్పుడు బుట్టకు రాయి కట్టి నీళ్లలోకి దించితే చాలు, చేపలతో పైకి వచ్చేదట. అతని వెంట వెళ్లినవారు చెప్పారంటూ లండన్‌లోని మిలన్ దూత తన డ్యూక్‌కు ఈ సంగతి రాశాడు. ఆ తరవాత నాలుగు శతాబ్దాల పాటు ఆ దీవి బతుకంతా కాడ్ మీదే నడిచింది. పడవ ఒడ్డుకు చేరగానే తల తీసి, కడుపు చీల్చి, వెన్నుముల్లు లాగి ఉప్పు పట్టించేవారు. ఆపైన ఒడ్డున సన్నటి కర్రలతో కట్టిన మంచెల మీద ఎండకు పరిచేవారు. మబ్బు పడితే పరుగున వెళ్లి గుట్టలు పోసి కప్పడం, ఎండ రాగానే మళ్లీ విప్పి పరచడం ఎక్కువగా ఆడవాళ్ల పని, పిల్లల పని. అలా తయారైన ఎండుచేప స్పెయిన్, పోర్చుగల్, ఇటలీ, బ్రెజిల్, వెస్టిండీస్ దాకా వెళ్లేది.

ఆ వ్యాపారంలో జాలరికి డబ్బు కనబడేది కాదు. వేట మొదలయ్యే ముందు వర్తకుడు ఉప్పు, వలలు, గోధుమపిండి, టీ పొడి, చెరకుపాకం అరువిచ్చేవాడు. వేట ముగిశాక చేపంతా ఆ వర్తకుడికే పోయాలి. అరువిచ్చిన సరుకు ధర కట్టేది అతనే, చేపకు రేటు వేసేదీ అతనే. ఖాతా చూసేసరికి చాలా ఇళ్లకు బాకీయే మిగిలేది, ఆ బాకీతోనే మరుసటి ఏడు మొదలయ్యేది. నోటు ఎలా ఉంటుందో సరిగా చూడకుండానే పోయిన తరాలు అక్కడ ఉన్నాయి. 1948లో జనం కెనడా వైపు ఎందుకు ఓటేశారో తెలియాలంటే ముందు ఈ ఖాతా పుస్తకం సంగతి తెలియాలి.

1855లో న్యూఫౌండ్‌లాండ్‌కు స్వపరిపాలన దక్కింది. 1867లో కెనడా సమాఖ్య ఏర్పడినప్పుడు దీనికీ పిలుపు వచ్చింది. 1869 ఎన్నికల్లో ఆ ప్రశ్న మీదే పోటీ జరిగింది. చార్లెస్ ఫాక్స్ బెన్నెట్ నాయకత్వంలో సమాఖ్య వద్దన్నవారు ముప్పైలో 21 స్థానాలు గెలిచారు. కెనడా సుంకాలు తమ వ్యాపారాన్ని ముంచుతాయని వర్తకులు భయపడ్డారు. ఐరిష్ మూలాలున్న కాథలిక్కులకు మరో భయం. 1801లో ఐర్లండ్‌ను బ్రిటన్‌లో కలిపాక ఏమైందో వాళ్ల ఇళ్లలో ఇంకా చెప్పుకునేవారు.

అయితే రాజకీయంగా వద్దనుకున్న కలయిక పాతికేళ్లకే డబ్బు రూపంలో వచ్చేసింది. 1894 డిసెంబరు 10న రాజధాని సెయింట్ జాన్స్ నగరంలోని రెండు స్వదేశీ బ్యాంకులు ఒకేరోజు మూతపడ్డాయి. వాటి నోట్ల మీద పెట్టుకున్న నమ్మకమూ వాటితోపాటే పోయింది. కెనడా బ్యాంకులు వచ్చి కొట్లు తెరిచాయి. కెనడా డాలరే చలామణీ అయింది. 1895లో సమాఖ్య గురించి జరిగిన చర్చలు బేరం కుదరక విఫలమయ్యాయి. అంటే జెండా తమది, కరెన్సీ పరాయిది. ప్రశాంతంగా ఉన్న కాలంలో ఇందులో ఇబ్బందేమీ కనిపించలేదు. 1930లలో మాత్రం ఆదుకోవడానికి సొంత కేంద్ర బ్యాంకు లేదు, అప్పు కోసం కెనడా బ్యాంకుల గడపే తొక్కవలసి వచ్చింది.

అప్పులకు రెండు పెద్ద కారణాలు. ఒకటి, దీవికి అడ్డంగా వేసి 1898లో పూర్తి చేసిన రైలుమార్గం. రెండోది మొదటి ప్రపంచయుద్ధం. రెండున్నర లక్షల జనాభా కూడా లేని దేశం సొంత రెజిమెంటును ఫ్రాన్స్‌కు పంపింది. 1916 జులై 1 ఉదయం బోమాంట్ హామెల్ దగ్గర దాదాపు 800 మంది కందకాల్లోంచి లేచి ముందుకు నడిచారు. మర్నాడు హాజరు తీస్తే పలికినవారు 68 మంది. కెనడా జాతీయ దినం కూడా జులై 1నే. అందుకే ఇప్పటికీ న్యూఫౌండ్‌లాండ్‌లో ఆ రోజు ఉదయం సంతాపం జరుగుతుంది, జాతీయ దినోత్సవం ఆ తరవాతే.

యుద్ధానికి చేసిన అప్పు, రైలుకు చేసిన అప్పు కలిసి 1933 నాటికి సుమారు పది కోట్ల డాలర్లయ్యాయి. ప్రభుత్వ ఆదాయంలో 60 శాతానికి పైగా వడ్డీలకే పోయేది. ప్రపంచ మాంద్యంలో ఎండుచేప ధర పడిపోయింది. పనిలేనివారికి ప్రభుత్వమిచ్చిన సాయం మనిషికి రోజుకు ఆరు సెంట్లు, అదీ సరుకుల రూపంలోనే. 1932 ఏప్రిల్ 5న జనం శాసనసభ భవనం మీద పడ్డారు. ప్రధాని రిచర్డ్ స్క్వైర్స్ ప్రాణాలతో బయటపడటమే గొప్పైంది. తరవాత వచ్చిన ఫ్రెడరిక్ ఆల్డర్‌డైస్ వడ్డీ చెల్లింపు కొంత ఆపుతామంటే లండన్ ఒప్పుకోలేదు. సామ్రాజ్యంలో ఒక సభ్యదేశం బాకీ ఎగ్గొట్టిందంటే తక్కినవారి పరపతి కూడా పోతుందని దాని భయం. బ్రిటన్ నియమించిన లార్డ్ ఆమల్రీ సంఘం చూపిన దారి వేరు. బాకీకి బ్రిటన్ పూచీ పడుతుంది, బదులుగా స్వపరిపాలన పక్కన పెట్టాలి. 1934 ఫిబ్రవరి 16న, ఒక హోటల్ హాల్లో సంతకాలు జరిగాయి. ఎన్నికలు లేవు, సభ లేదు. గవర్నరు, నియమితులైన ఆరుగురు కమిషనర్లు కలిసి పాలించారు, వారిలో ముగ్గురు బ్రిటన్ నుంచి వచ్చినవారు. సొంత దేశపు అప్పు తీర్చడానికి ప్రజలు తమ ఓటునే తాకట్టు పెట్టవలసి రావడం ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధాకరమైన ఘట్టం. అప్పిచ్చినవారికి మాత్రం వడ్డీ ఆగలేదు.

రెండో ప్రపంచయుద్ధం లెక్క తిరగేసింది. అమెరికా 99 ఏళ్ల లీజుకు స్థలాలు తీసుకుని సెయింట్ జాన్స్, అర్జెన్షియా, స్టీఫెన్‌విల్‌లలో సైనిక స్థావరాలు కట్టింది. వేలమందికి కూలి డబ్బు చేతికొచ్చింది. ఖజానాలో మిగులు కనబడింది. ఆ మిగులులోంచి బ్రిటన్‌కే వడ్డీ లేని అప్పు ఇచ్చారు. ఇక ఎటు వెళ్లాలో తేల్చడానికి 1946లో 45 మందితో జాతీయ సదస్సును ఎన్నుకున్నారు. దాని చర్చలు రేడియోలో వచ్చేవి. మారుమూల రేవుపల్లెల్లో రేడియో ఉన్న ఇంటి చుట్టూ ఊరంతా చేరేది. జోయ్ స్మాల్‌వుడ్ అనే మాజీ పత్రికా రచయిత, రేడియో వ్యాఖ్యాత, ఆ మైకు విలువను అందరికన్నా ముందే పసిగట్టాడు. కెనడాలో చేరితే పదహారేళ్ల లోపు ప్రతి బిడ్డకూ నెలకు అయిదు నుంచి ఎనిమిది డాలర్లు, అదీ తల్లి పేర చెక్కు రూపంలో వస్తుందని పదే పదే చెప్పాడు. వర్తకుడి ఖాతాలోనే పుట్టి అందులోనే పోతున్న కుటుంబానికి ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో ఊహించవచ్చు.

సదస్సు 29–16 తేడాతో కెనడా ప్రశ్నను ప్రజాభిప్రాయ సేకరణ బ్యాలెట్‌లో పెట్టవద్దంది. స్మాల్‌వుడ్ పక్షం సుమారు యాభై వేల పేర్లతో వినతి పంపింది. బ్రిటన్ ఆ ప్రశ్నను బ్యాలెట్‌లో చేర్చింది. బ్రిటన్, కెనడా ముందే మాట్లాడుకుని ఈ దారి సిద్ధం చేశాయన్న కోపం స్వతంత్రవాదుల్లో చాలాకాలం నిలిచింది. ఆ రెండు ప్రభుత్వాలూ విలీనమే కోరుకున్నాయనడానికి పత్రాలున్నాయి. ఓట్లు వేసింది మాత్రం ప్రజలే. 1948 జూన్ 3న స్వపరిపాలనకు 44.6 శాతం, సమాఖ్యకు 41.1 శాతం, కమిషన్ పాలనకు 14.3 శాతం పడ్డాయి. దేనికీ సగానికి మించి రాకపోవడంతో జులై 22న మళ్లీ ఓటింగు జరిగింది. ఈసారి సమాఖ్యకు 78,323, స్వపరిపాలనకు 71,334. ఏడు వేలకన్నా తక్కువ తేడా. సెయింట్ జాన్స్, దాని పరిసరాలు వద్దన్నాయి, దూరపు రేవుపల్లెలు కావాలన్నాయి. అమెరికాతో ఆర్థిక కలయిక కావాలని ప్రచారం చేసిన చెస్లీ క్రాస్బీని కూడా కెనడా రాజధాని ఒట్టావాకు పంపిన బృందంలో వేశారు. షరతులు రాష్ట్రాన్ని నిలబెట్టలేవంటూ ఆయన ఒప్పందం మీద సంతకం పెట్టలేదు.

ఒప్పందంలో బ్రిటన్ పూచీ పడ్డ అప్పును కెనడా తీసుకుంది, రైలును, ఓడ సర్వీసును తీసుకుంది. కెనడాలో అప్పట్లో నిషేధం ఉన్న మార్గరిన్‌ను ఇక్కడ చేసుకోవడానికి వీలుగా ఒక ప్రత్యేక షరతు కూడా రాశారు. చేపల మీద, సముద్రం మీద అధికారం ఒట్టావాకు వెళ్లింది. మార్గరిన్ కోసం పడిన శ్రద్ధ కాడ్ కోసం పడలేదన్నది ఈనాడు ఆ పత్రం చదివిన ఎవరికైనా తోస్తుంది.

మేలు వెంటనే కనబడింది. చెక్కులు వచ్చాయి, వృద్ధుల పింఛన్లు వచ్చాయి, 1957 నుంచి జాలరులకు నిరుద్యోగ బీమా వచ్చింది. ఆస్పత్రులు, బడులు, రోడ్లు కట్టారు. వర్తకుడి ఖాతాకు కాలం చెల్లింది. శతాబ్దాలుగా ఏ స్థానిక ప్రభుత్వమూ చేయలేకపోయిన పని అది. దీని విలువను తక్కువచేసి మాట్లాడేవారు ఆ ఖాతా కింద బతికినవారు కారు. మరోవైపు సుంకాల గోడ తొలగిపోవడంతో కెనడా సరుకు ముందు స్థానిక చిన్న ఫ్యాక్టరీలు కొన్ని నిలవలేకపోయాయి. బడి, డాక్టరు, కరెంటు ప్రతి రేవుపల్లెకూ ఇవ్వలేమంటూ ప్రభుత్వాలు 1954 నుంచి 1975 దాకా దాదాపు 300 ఊళ్లను ఖాళీ చేయించాయి. సుమారు 30,000 మంది కదిలారు. కొందరు తమ చెక్క ఇంటిని పునాది మీంచి లేపి, కింద పీపాలు కట్టి, పడవలతో లాగుతూ సముద్రం మీద తేల్చుకుంటూ కొత్త ఊరికి తీసుకెళ్లారు. చర్చీ, శ్మశానమూ వెనకే ఉండిపోయాయి.

అసలు దెబ్బ సముద్రం వైపు నుంచి వచ్చింది. 1950ల నుంచి యూరప్ దేశాల ఫ్యాక్టరీ ట్రాలర్లు పట్టిన చేపను అక్కడికక్కడే గడ్డకట్టించే యంత్రాలతో దిగాయి. 1968లో ఒక్క ఉత్తర కాడ్ పట్టుబడే ఎనిమిది లక్షల టన్నులు దాటింది. 1977లో కెనడా 200 మైళ్ల హద్దు ప్రకటించి విదేశీ ఓడలను చాలావరకు బయటికి పంపింది. కానీ వాటి చోట సొంత ట్రాలర్లు వచ్చాయి. ఒట్టావా శాస్త్రవేత్తలు చేప నిల్వలను ఎక్కువగా అంచనా వేశారు. ఒడ్డు దగ్గర చిన్న పడవల్లో వేటాడేవారు చేప తగ్గుతోందని, చిక్కినదీ చిన్నదవుతోందని 1980ల నడుమ నుంచే మొత్తుకున్నారు. 1992 జులై 2న కేంద్ర మత్స్యశాఖ మంత్రి సెయింట్ జాన్స్‌లో వేట నిషేధం ప్రకటించాడు. కోపం పట్టలేక జాలరులు ఆ గది తలుపులు బద్దలుకొట్టబోయారు. ఆ మంత్రి పేరు జాన్ క్రాస్బీ, 1948లో సంతకం పెట్టనన్న చెస్లీ క్రాస్బీ కొడుకు. సుమారు 30,000 మందికి పని పోయింది. రెండేళ్లకని చెప్పిన నిషేధం ముప్పై రెండేళ్లు సాగింది.

ఇక్కడే ఐస్‌లాండ్ పేరు వస్తుంది. 1940లలో న్యూఫౌండ్‌లాండ్‌లో సగం జనాభా కూడా లేని ఆ దీవి 1944లో గణతంత్రమైంది. తన కాడ్ కోసం బ్రిటన్‌తో మూడుసార్లు ఢీకొని, 1975లో 200 మైళ్ల హద్దు తానే గీసుకుని, 1976కల్లా నెగ్గింది. న్యూఫౌండ్‌లాండ్ స్వతంత్రంగా ఉంటే అలాగే చేసేదని గట్టిగా చెప్పలేం. అక్కడి ప్యాకింగ్ ప్లాంట్లు, రాజకీయ నాయకులు కూడా ఎక్కువ కోటా కోసమే ఒత్తిడి తెచ్చారు. కానీ ఐస్‌లాండ్‌కు చేపే ప్రాణం, ఒట్టావాకు అది అనేక శాఖల్లో ఒకటి. యూరప్ దేశాలతో గోధుమలు, విమానాలు, రక్షణ గురించి మాట్లాడే ప్రభుత్వం కాడ్ కోసం ఎంతవరకు తెగిస్తుందన్నది న్యాయమైన ప్రశ్నే. అదే సమయంలో, పని పోయిన 30,000 మందికి వందల కోట్ల డాలర్ల సాయం ఇచ్చిందీ ఆ ఒట్టావాయే. సొంతంగా ఉన్న చిన్న దేశానికి ఆ స్తోమత ఉండేది కాదు. సాయం అందినా జనం ఆగలేదు. 1992లో 5.8 లక్షలున్న జనాభా 2006 నాటికి 5.05 లక్షలకు పడింది.

చమురు విషయంలో మరోలా జరిగింది. 1979లో సముద్రంలో హైబర్నియా దగ్గర చమురు దొరికింది. ఆ సముద్రగర్భం 1949లో తమ వెంట తెచ్చుకున్న ఆస్తి అని రాష్ట్రం వాదించింది. 1984లో కెనడా సుప్రీంకోర్టు కాదంది. కోర్టులో ఓడినదాన్ని మరుసటి ఏడే చర్చల్లో రాబట్టుకున్నారు. 1985 ఫిబ్రవరి 11 నాటి అట్లాంటిక్ ఒప్పందం ప్రకారం నిర్వహణ మండలిలో కేంద్రానికీ రాష్ట్రానికీ సమాన స్థానాలు, పన్నులు మాత్రం నేల మీద దొరికిన చమురుకు వేసినట్టే రాష్ట్రం వేసుకోవచ్చు. 1997లో ఉత్పత్తి మొదలైంది. చమురు ఆదాయం పెరిగినకొద్దీ, ఆదాయం తక్కువున్న రాష్ట్రాలకు కేంద్రం ఇచ్చే సమానీకరణ సాయం తగ్గుతోందంటూ ముఖ్యమంత్రి డానీ విలియమ్స్ 2004 డిసెంబరులో రాష్ట్ర భవనాల మీది కెనడా జెండాలు దింపించాడు. మరుసటి నెలలోనే 200 కోట్ల డాలర్ల పరిష్కారం కుదిరింది. 2008లో రాష్ట్రం ఆ సాయం అక్కరలేని స్థితికి చేరింది. చమురు మీద అధికారంలో వాటా దొరికింది కాబట్టే ఇది సాధ్యమైంది. కాడ్ మీద అలాంటి వాటా ఎన్నడూ లేదు.

2024 జూన్ చివర ఒట్టావా ఉత్తర కాడ్ వేట నిషేధాన్ని ఎత్తివేసి, ఆ ఏటికి 18,000 టన్నుల కోటా ప్రకటించింది. కొంత వాటా మళ్లీ సముద్రం లోపలికి వెళ్లే ట్రాలర్లకు ఇవ్వడాన్ని జాలరుల సంఘం గట్టిగా వ్యతిరేకించింది.