ఇల్లటపుటల్లుడు: దాయవిభాగంలో కూతురి స్థానం

‘ఇల్లటం’, ‘ఇల్లరికం’ అనే మాటలను నేటి వాడుకలో ఒకే అర్థంలో ప్రయోగించడం పరిపాటి. న్యాయచరిత్ర దృష్టితో చూస్తే ఇవి రెండూ ఒకటి కావు. ఇల్లరికం నివాసానికి సంబంధించినది. ఇల్లటం ఆస్తికి సంబంధించిన ఒడంబడిక. అత్తవారింట స్థిరపడినంత మాత్రాన అల్లుడికి అక్కడి ఆస్తిలో పాలు రాదు. ఇంటి వ్యవసాయాన్ని, వ్యవహారాలను చూసుకొన్నందుకు వాటా ఇస్తామని మామ ఒప్పుకొని ఉండాలి.

కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలంలో విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను 13వ శతాబ్దంలో కేతన ‘విజ్ఞానేశ్వరము’గా తెలుగు చేశాడు. పిత్రార్జితంలో కుమారునికి పుట్టుకతోనే హక్కు సంక్రమిస్తుందన్నది మితాక్షర సిద్ధాంతం. మరి కుమారులు లేని ఇంటి మాటేమిటి? దత్తత ఒక మార్గం. కూతురి కొడుకును తన కొడుకుగా నిర్ణయించుకొనే ‘పుత్రికాపుత్ర’ విధానం మరొకటి. ఇల్లటాన్ని ఈ రెండవదాని అవశేషంగా భావించినవారున్నారు. కాని అక్కడ హక్కు మనుమడిది, ఇక్కడ అల్లుడిది. అందువల్ల ఆ పోలికను పరిమితంగానే అంగీకరించాలి.

మద్రాసు రాజధానిలోని తెలుగు ప్రాంతాలలో, ముఖ్యంగా రెడ్డి, కమ్మ కుటుంబాలలో, ఈ ఆచారాన్ని ఆంగ్లేయుల కాలపు న్యాయస్థానాలు గుర్తించాయి. దత్తపుత్రుడు జన్మనిచ్చిన కుటుంబపు దాయాన్ని కోల్పోతాడు; ఇల్లటపుటల్లుడు కోల్పోడు. ఆ తరువాత మామకు కొడుకు పుట్టినా అతనితో సమానంగా వాటా పొందుతాడు. అయినా వారిద్దరూ సమష్టి దాయాదులు కారు. అల్లుడు మరణిస్తే అతని వాటా బావమరిదికి పోదు, అతని సొంత వారసులకే చెందుతుంది. మతకర్మలతో నిమిత్తం లేని, పూర్తిగా సేద్యపు అవసరం నుంచి పుట్టిన ఏర్పాటిది.

ఈ చర్చలో అల్లుడి హక్కుల మీద నిలిచినంత దృష్టి కూతురి మీద నిలవలేదు. ఆమె లేనిదే ఇల్లటం లేదు. అయినా ఆస్తి ఆమె ద్వారా సాగిందే తప్ప ఆమె పేరున నిలవలేదు. 1959 నాటి ‘ఇల్లరికం’ చలనచిత్రంలోనూ ప్రధాన సమస్య అల్లుడి గౌరవమే కావడం గమనార్హం.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం తండ్రి వాటాలో కూతురికి భాగమిచ్చింది. జన్మతః వచ్చే హక్కును మాత్రం కుమారులకే ఉంచింది. ఆ హక్కును కుమార్తెలకూ ఇచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చినా, అప్పటికే పెళ్ళయినవారిని మినహాయించింది. ఇల్లటంలో ఆస్తిని ఇంట నిలిపిన వివాహమే ఈ సవరణలో హక్కుకు అడ్డయింది. కుమారుడికి పుట్టుక కొలమానం కాగా, రెండు సందర్భాలలోనూ కూతురికి పెళ్ళే కొలమానమైంది. 2005 నాటి కేంద్ర సవరణ ఈ భేదాన్ని తొలగించింది. ఆ సవరణ నాటికి తండ్రి జీవించి ఉండనవసరం లేదనీ, కూతురి హక్కు పుట్టుకతోనే వచ్చేదనీ సుప్రీంకోర్టు 2020లో నిర్ధారించింది.