గణకులు – భూతాపం

"మేము వ్రాసేవి బ్యాంకుల లెక్కలు. భూతాపంతో మాకేమి పని మాస్టారూ?" అని సాఫ్టువేరు కొలువుల్లో స్థిరపడిన పూర్వవిద్యార్థులు అడుగుతూ ఉంటారు. చరిత్ర చూస్తే, భూమి వేడెక్కుతున్నదన్న సంగతి మనకు తెలిసిందే లెక్కలు కట్టినవారి వలన.

సంస్కృతంలో గణకుడంటే లెక్కలు కట్టేవాడు. జ్యోతిష్కునికీ అదే పేరు. ఆంగ్లంలో "కంప్యూటర్" అన్న మాటకు కూడా మొదట మనిషే అర్థం. యంత్రం తరువాత వచ్చింది.

గాలిలో బొగ్గుపులుసు వాయువు రెట్టింపైతే భూమి ఎంత వేడెక్కుతుందో స్వీడను శాస్త్రజ్ఞుడు అర్హీనియస్ దాదాపు ఏడాదిపాటు చేతితో లెక్కగట్టి, 1896లో 5, 6 డిగ్రీలన్నాడు. ఇంగ్లండులో గై క్యాలెండర్ ఆవిరియంత్రాల ఇంజనీరు. ఆయన 147 కేంద్రాల ఉష్ణోగ్రతల పట్టికలను ఓపికగా కూర్చి, గడచిన అర్ధశతాబ్దిలో భూమి సుమారు 0.3 డిగ్రీలు వేడెక్కిందని 1938లో చూపాడు. నాటి పండితులు అంతగా నమ్మలేదు.

1950లో అమెరికాలో చార్నీ, వాన్ న్యూమన్ ప్రభృతులు ఎనియాక్ యంత్రం మీద తొలిసారిగా వాతావరణ సూచనను గణించారు. ఒక రోజు సూచనకు దాదాపు ఒక రోజు పట్టింది! ఆ యంత్రానికి ఆదేశాలు వ్రాసే విద్యను వారికి నేర్పి, తుదిప్రతిని సరిచూచినది క్లారా వాన్ న్యూమన్. ఆమె పేరు వ్యాసకర్తలలో లేదు, చివరి కృతజ్ఞతలలో ఉన్నది. అది రేపటి వాతావరణం లెక్క. దీర్ఘకాలపు వేడి లెక్కను 1967లో మనాబే, వెదరాల్డ్ కంప్యూటరుపై చేసి, వాయువు రెట్టింపైతే పెరుగుదల 2.3 డిగ్రీలన్నారు. మనాబేకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది.

మన పిల్లలకు మరింత దగ్గరి కథ ఒకటున్నది. భూమి సగటు ఉష్ణోగ్రతను గణించే తన ప్రోగ్రామును నాసా సంస్థ 2007లో బయటపెట్టింది. ఏళ్ళ తరబడి ఫోర్ట్రాన్ మొదలైన భాషలలో పెరిగిన వ్రాత అది, చదవడం కష్టం. చదవలేని లెక్కను నమ్మడమెలా అని సంశయాత్ములు ప్రశ్నించారు. 2008లో ఇంగ్లండులో నిక్ బార్న్స్ అనే సాఫ్టువేరు నిపుణుడు, ఆయన సహచరులు దానిని పైథాను భాషలో తేటగా తిరగవ్రాయ పూనుకొన్నారు. తాళపత్రప్రతిని పరిష్కరించే పండితుని పని వంటిదే అది. చిన్నచిన్న దోషాలు దొరికాయి. వాటిని నాసాకు తెలియజేశారు. ఫలితం మాత్రం చెప్పుకోదగినంతగా మారలేదు. తరువాత నాసా ఆ పైథాను ప్రతినే ఆధారంగా స్వీకరించింది.

వారు కొత్త సిద్ధాంతమేదీ చెప్పలేదు. ఉన్న లెక్కను ఎవరైనా చదివి సరిచూచుకొనేటట్లు చేశారు. అనుమానం అలుముకొన్నచోట అది చిన్న సేవ కాదు.

క్యాలెండర్ ఇంజనీరుగానే ఉంటూ భూతాపం లెక్క కట్టాడు. బార్న్స్ తనకు తెలిసిన విద్యనే ఇందులోనూ వినియోగించాడు. కొలువు విడిచిపెట్టనక్కరలేదు. ఆ కొలువులో అబ్బిన విద్య ఎక్కడ అక్కరకు వస్తుందో వెదకుకోవాలి.